మారుమనువు: పెద్దలకు ఒక మనవి



నేను యాదగిరిగుట్ట ప్రాంతమున చిరకాలము బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. పిల్లలకు పాఠము చెప్పుటయే గాని సభలలో ఉపన్యసించుట నాకు అలవాటు లేదు. ఈ ప్రసంగము గూడ పాఠమువలె సాగినచో మన్నింపుడు. గ్రామములలో అరుగులమీద కూర్చుండి నాలుగు కుటుంబముల మంచిచెడ్డలు తీర్చు పెద్దలను ఉద్దేశించి నేను ముఖ్యముగా మాటలాడుచున్నాను. ఏలయన, నేటి విషయము న్యాయస్థానములలో తీరునది కాదు. మీ యరుగులమీదనే తీరవలసినది.

ఫాల్గుణ మాసమున మా గుట్టమీద లక్ష్మీనరసింహస్వామివారి బ్రహ్మోత్సవములు జరుగును. మీలో అనేకులు వచ్చి చూచియుందురు. అందు ఎదుర్కోలు అను వేడుక కలదు. ఆనాడు కొందరు పెండ్లికొడుకు వారుగను, కొందరు పెండ్లికూతురి వారుగను నిలిచి, ఎవరి వారిని వారు పొగడుకొందురు. మరునాడు తిరుకల్యాణము, ఆపైన రథోత్సవము. ఆలయ పునర్నిర్మాణము ముగిసి 2022 మార్చి 28వ తేదీన మూలవిరాట్టు దర్శనము మరల లభించినది మొదలు జనము మరింత పెరిగినది గాని, వేడుక మాత్రము మా తాతల నాటిదే.

ఆలోచించి చూచినచో స్వామివారు ఏటేట వివాహమాడునది తన యిల్లాలినే. హిరణ్యకశిపుని వధించిన పిమ్మట ఆ యుగ్రరూపమును చూచి లక్ష్మీదేవియే దగ్గరకు పోవ జంకెనని భాగవతము చెప్పుచున్నది. బాలుడైన ప్రహ్లాదుడు ముందుకు పోయిన తరువాత గదా స్వామి శాంతించెను! ఆ ఎడబాటు తరువాతి కలయికనే మనము లక్ష్మీనరసింహమూర్తియని పూజించుచున్నాము.

నిరుడు కల్యాణమునాటి సాయంకాలము నేను గుట్ట దిగి వచ్చి ఒక చెట్టునీడను కూర్చుండియుంటిని. పొరుగూరి కాపు ఒకడు, నాకు చిరకాలముగా తెలిసినవాడు, నా ప్రక్కకు వచ్చి కూర్చుండెను. కొంతసేపు వానలనుగూర్చి, ధరలనుగూర్చి మాటలాడి, తుదకు అసలు సంగతి చెప్పెను.

"సారూ, మా పెద్దబిడ్డ సంగతి మీకెరుకే. అల్లుడు పోయి నాలుగేండ్లాయె. చిన్నపిల్ల ఒకతున్నది. ఇప్పుడు ఒక పిలగాడు అడిగి పంపిండు. అతని పెండ్లాము గూడ పోయింది. నన్నేం జెయ్యమంటరు?"

"పిల్లవాడు మంచివాడేనా?" అని అడిగితిని.

"మంచోడే. వంక పెట్టేటందుకు లేదు. గని మా చిన్నబిడ్డ పెండ్లికున్నది. పెద్దదానికి మళ్ళ లగ్గం జేస్తే, చిన్నదాన్ని అడిగొచ్చేటోడు ఉంటడా? ఊరేమంటది?"

ఆ మాట వినగానే నా గుండెలో పాతముల్లు కదలెను. వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిని. కారణము తరువాత విన్నవింతును. ఆ సాయంకాలము ఆయనకు చెప్పిన సంగతులనే నేడు మీకును చెప్పదలచితిని.

మొదట ఆయనతో నేనన్నది యిది: మారుమనువు మనదేశమునకు క్రొత్తగా దిగివచ్చినది కాదు. కలియుగ ధర్మములను చెప్పునదని పెద్దలు గౌరవించు పరాశరస్మృతిలోనే, భర్త కానరాకపోయినను, మరణించినను, సన్న్యసించినను, ఇట్టి ఐదు ఆపదలయందు స్త్రీకి మరియొక భర్త చెప్పబడియున్నాడు. మన పల్లెలలో చేతిపనిచేసి బ్రతుకు కులములనేకములలో మారుమనువు అనాదిగా వచ్చుచున్న ఆచారమే. కులపెద్దలు కూర్చుండి, ఇచ్చిపుచ్చుకొనవలసినవి తేల్చి, క్రొత్తచీర కట్టబెట్టి పంపెడివారు. కులీనులమని చెప్పుకొనువారు దీనిని హీనముగా చూచిరి. తరువాత నాలుగెకరములు సంపాదించుకొన్నవారును వారిని చూచి, గౌరవము పెరుగునని, ఉన్న మంచి ఆచారమును మానుకొనిరి. గౌరవము పెరిగినదో లేదో గాని, ఇండ్లలో ఒంటరి స్త్రీల కన్నీరు మాత్రము పెరిగినది.

బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశరస్మృతినే ఆధారము చేసికొని 1855లో వితంతూద్వాహము శాస్త్రసమ్మతమని వాదించెను. 1856లో కుంఫిణీ ప్రభుత్వము దానిని చట్టబద్ధము చేసెను. కాని శాసనము పుట్టినంతమాత్రమున పెండ్లిపందిరి లేవదు. మన తెలుగుదేశమున ఆ పందిరి లేచుటకు ఇంకను ఇరువదియైదు సంవత్సరములు పట్టినది. కోస్తాజిల్లాలలో ఆ పని చేసినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాల పెట్టిరి. 1879లో వితంతువివాహమును సమర్థించుచు ఉపన్యసించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తమ యింటనే మొదటి వివాహము జరిపించిరి. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ యను బాలవితంతువు. దీనికి కావలసిన ధనము ఆదుకొన్నవారిలో ముఖ్యుడు సముద్రతీరమందలి కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు.

ఆ వివాహమునకు వచ్చినవారిని, సాయపడినవారిని వెలివేసిరి. వంటవారు రామనిరి, నీళ్ళుమోయువారు మానుకొనిరి. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి నీళ్ళు తెచ్చి, తామే వండి పెట్టిరి. వీరేశలింగము పేరు పాఠ్యపుస్తకములలో పిల్లలకు చెప్పునపుడు నేను ఈ నీళ్ళబిందె సంగతి విడువకుండ చెప్పెడివాడను. ఉపన్యాసమిచ్చుటకు ధైర్యము కావలెను, నిజమే. కాని ఊరంతయు చూచుచుండగా బిందె చంకనిడుకొని ఏటికి పోయి వచ్చుటకు కావలసిన ధైర్యము వేరు. ఒక సంస్కారము నిలుచుటయో కూలుటయో తరచుగా ఇంటిలోపలి స్త్రీల చేతులలోనే యుండును.

మన తెలంగాణమునకు సంబంధించిన సంగతి ఇంకొకటి కలదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని రంగశాలలో ఒక సంఘసంస్కరణ సభ జరిగినది. ఆ సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ మొదలిడగా కొందరు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. దానినుండి పెరిగిన ఆంధ్రమహాసభ మా పొరుగున నున్న భువనగిరిలో 1944లో జరిగెను. ఈ కథ మన పెద్దలలో అనేకు లెరుగుదురు. కాని 1921 నాటి ఆ సభకు అధ్యక్షుడెవరో జ్ఞాపకముంచుకొన్నవారు తక్కువ. ఆయన ధోండో కేశవ కర్వే పండితుడు. ఆయన బ్రతుకే నేటి నా విషయమునకు గొప్ప దృష్టాంతము.

కర్వేగారిది కొంకణమున సముద్రపుటొడ్డునగల మురుడ్ అను చిన్న గ్రామము. ఆయన మొదటిభార్య 1891లో మరణించెను. ఆ సంవత్సరమే ఆయన పూనాలో కళాశాలోపాధ్యాయుడయ్యెను. ఆ కాలమున భార్యపోయిన పురుషునకు పది పదునొకండేండ్ల కన్నెపిల్లను తెచ్చి కట్టబెట్టుట ఆచారము. కర్వేగారు దాని కొప్పుకొనలేదు. చేసికొన్నచో వితంతువునే చేసికొందునని నిశ్చయించుకొనిరి. ఆయన మిత్రుని సోదరి గోదూబాయి, ఎనిమిదేండ్ల ప్రాయమున వివాహమై, కొద్ది నెలలలోనే భర్తను పోగొట్టుకొన్నది. పండిత రమాబాయి పెట్టిన శారదాసదనమున చదువుకొనుచుండెను. 1893 మార్చి నెలలో వారిద్దరికిని పూనాలో వివాహమైనది.

వధూవరులు మురుడ్ గ్రామమునకు వచ్చినప్పుడు ఏమైనది? ఊరివారు సభచేసి కర్వేకు వెలివిధించిరి. ఆయనతో కలిసి ఎవరును కూర్చుండరాదనిరి. ఇంటివారు ఆదరించినచో వారికిని వెలి తప్పదనిరి. ఆ యూరి మేలుకొరకు జీతములో మిగిల్చి నిధి కూడబెట్టినవాడును ఆయనయే! తాను పెరిగిన ఊరిలో తల్లిని చూచుటకు గూడ ఆయనకు స్వేచ్ఛ లేకపోయెను. అయినను ఆయన ఊరిని దూషింపలేదు; పని మానలేదు. 1896లో వితంతువుల ఆశ్రమము స్థాపించెను; 1916లో మహిళా విశ్వవిద్యాలయము నెలకొల్పెను. నూరేండ్లు నిండిన 1958లో భారతరత్న బిరుదము పొందెను. రెండవమారు కట్టిన ఒక తాళినుండి ఇంతటి మేలు కలిగినది. వెలివేసిన పెద్దల పేర్లు నేడు చెప్పువారు లేరు.

ఇవి గొప్పవారి కథలు. ఇక నా కన్నులతో చూచిన చిన్నవారి కథ చెప్పెదను.

1977 నవంబరు 19వ తేదీ శనివారము. కృష్ణానది సముద్రమున కలియు దివిసీమమీద తుపాను విరుచుకొని పడినది. తాడిచెట్టు పొడవున సముద్రము లేచి వచ్చినదని చూచినవారు చెప్పిరి. ప్రభుత్వము లెక్కించిన మృతులే సుమారు పదివేలు. నేనప్పుడు ఇరువదియేండ్లవాడను. మా ప్రాంతమునుండి బియ్యము, పాతబట్టలు ప్రోగుచేసికొని పోయిన పదిమంది యువకులలో నేనొకడను. నాగాయలంకకు ఆవల ఒక పల్లెవారి గ్రామమున కొన్ని మాసములు ఉండిపోతిని. మొదటి దినములలో మేమేమి చేసితిమో చెప్పను. ఆ పని చేసినవారికి చెప్ప నవసరము లేదు. చేయనివారికి చెప్పి ప్రయోజనము లేదు.

ఆ గ్రామమున గంజి కాచి పోయు పందిరివద్ద పనిచేయు ఒక స్త్రీ యుండెను. వయస్సు ముప్పదికి లోపు. భర్తను, ఇద్దరు బిడ్డలను సముద్రము తీసికొనిపోయినది. తాను తాటిమట్టలు పట్టుకొని బ్రతికినది. దినమంతయు పనిచేయును, ఎవరితోను మాటలాడదు. ఐదేండ్ల బాలుడొకడు తన కంచము పట్టుకొని వచ్చి, ఇతరుల వరుస విడిచి, ఎల్లప్పుడు ఆమె ప్రక్కకే పోయి నిలిచెడివాడు. వాని తండ్రి కొంచెము ఎడముగా నిలుచుండి, వాడు త్రాగిన పిమ్మట చేయిపట్టుకొని తీసికొనిపోయెడివాడు. అతని భార్య గూడ ఆ రాత్రియే పోయినది.

వారిద్దరికిని వరుస యున్నదని నాకు తరువాత తెలిసినది. అతడు ఆమెకు స్వయాన మేనమామ కొడుకు. చిన్ననాటనే ఈమె అతనికని ఇరువైపులవారును అనుకొనిరి. తరువాత ఆమె తండ్రికిని మేనమామకును ఒక పడవలో వాటా విషయమై తగవు వచ్చినది. మాటలు పెరిగినవి, రాకపోకలు నిలిచినవి. పిల్లలను అడిగినవారు లేరు. ఆమెను ఒకరికిచ్చిరి, అతనికి వేరొక పిల్లను తెచ్చిరి. ఒక్క యూరిలోనే పదియేండ్లు ఒకరి వీథికి ఒకరు పోక బ్రతికిరి. తగవులాడిన పెద్దలిద్దరును, ఆ పడవయు, ఆ రాత్రి సముద్రములో కలిసిపోయినవి.

మాఘమాసములో కులపెద్ద ఆ సంగతి యెత్తెను. ఆయనయు ఇద్దరు కొడుకులను పోగొట్టుకొన్నవాడే. గంజిపందిరి దగ్గర అందరి యెదుటను ఆమెతో నిట్లనెను. నేనక్కడనే యుంటిని గావున ఆ మాటలు నాకు బాగుగా జ్ఞాపకమున్నవి.

"అమ్మా, ఆనాడు నీ నాన్నా, మీ మావా మాటామాటా అనుకుంటుంటే నేనూ అక్కడే కూర్చున్నా. నా పెద్దరికం నిలబడాలని తగవు తెగనీకుండా చేసింది నేనే. ఇవాళ అడుగుతున్నా. నీకిష్టమైతేనే."

ఆమె తల వంచుకొని చాలసేపు ఊరకుండెను. తరువాత, "మా ఆయన శవం దొరకలేదు తాతా. ఏ ఒడ్డునన్నా బతికున్నాడేమో ఎవరికి తెలుసు? ఏడాది తిరగనీ," అనెను.

ఎవరును మారుమాట పలుకలేదు. ఆ పిల్లవాని తండ్రి తలయూపి, బిడ్డ చేయిపట్టుకొని పోయెను. నేను ఎండకాలమునకు ఇంటికి మరలితిని. మరుసటి సంవత్సరము కార్తికము గడచిన పిమ్మట, క్రొత్తగా కట్టిన యిండ్లను చూచుటకు మరల ఆ గ్రామమునకు పోయినప్పుడు, సంవత్సరము తిరిగినది. ఆమె తన భర్తకు కర్మలు జరిపించినది. వారిద్దరికిని పెండ్లి నిశ్చయమైనది. బాజాలు లేవు. ఊరిలో ఏడ్వని యిల్లు లేదు గావున బాజాలు వలదనుకొనిరి. నేనును ఆ పందిటిలో అన్నము తింటిని. ఆమె ఒక్క నియమము పెట్టినదట: ఆ పిల్లవాడు తన్ను "అమ్మా" అని పిలువరాదు. "వాడి అమ్మ వాడికుంది. నన్ను పిన్నీ అంటే చాలు," అన్నదట. పోయినవారిని గౌరవించుచునే ఉన్నవారితో ఎట్లు బ్రతుకవలెనో, బడికి పోని ఆ స్త్రీకి తెలిసినంత నాకు తెలియదు.

ఆ కులపెద్ద తన తప్పును నలుగురి యెదుట ఒప్పుకొన్నాడు. అది నేను చూచితిని. చూచియు, ఇంటికి వచ్చి నేనేమి చేసితినో వినుడు.

మా అక్క నాకంటె ఆరేండ్లు పెద్దది. ఇరువదియొకటవయేట భర్తను పోగొట్టుకొని మా యింటికే వచ్చినది. ఆమె పెండ్లికి పూర్వము ఒక ఉపాధ్యాయుడు ఆమెను చూచి పోయి, చేసికొందునని కబురంపియుండెను. ఆమెకును ఇష్టమేయని మా యమ్మకు తెలియును. జీతము స్వల్పమని మా వారు ఒప్పుకొనలేదు. నేను దివిసీమనుండి వచ్చిన రెండేండ్లకు ఆ ఉపాధ్యాయుడే మరల ఒక బంధువుచేత కబురు పంపెను. అతనికిని భార్య లేకుండ పోయినది. మా యింట మారుమనువు ఆచారము లేదు. మా నాయన తర్జనభర్జన పడి, ఇంటిలో చదువుకొన్నవాడనని నన్ను పిలిచి, "నువ్వేమంటవు?" అని అడిగెను.

నేను ఒక్కమాట "చేయుద"మని యుండినచో జరిగియుండెడిది. నాయన మనస్సు అప్పటికే మెత్తబడియున్నది. కాని అప్పటికి మా చెల్లెలి సంబంధములు చూచుచుంటిమి. నేనన్నది ఇది: "ముందు చెల్లె పెండ్లి కానీ. తర్వాత చూద్దాం." చెల్లెలి పెండ్లి మరుసటి సంవత్సరమే అయినది. తరువాత ఎవరును చూడలేదు. నేను ఎత్తలేదు, నాయన అడుగలేదు. అతడు ఎదురుచూచి ఎదురుచూచి వేరొకచోట బదిలీ వ్రాయించుకొని పోయెనని వింటిమి.

నేను ఆ మాట అన్నప్పుడు అక్క వంటయింటి గడపదగ్గర నుండెను. విన్నది. ఒక్కనాడును నన్ను నిష్ఠురమాడలేదు. నా పెండ్లిలో పనులన్నియు తానే చేసెను. నా బిడ్డలను తానే పెంచెను. ముప్పదియేండ్లకు పైగా మా యింట ఆ విధముగా గడపి కాలముచేసెను. ఒక్కమారు మాత్రము, మేమందరము గుట్టమీద కల్యాణము చూచి మెట్లు దిగుచుండగా, నవ్వుచు, "దేవునికైతే ఏటేటా లగ్గం జేస్తరు," అన్నది. నా భార్య నవ్వినది, పిల్లలు నవ్విరి. నేను నవ్వలేకపోతిని. ఆమె నా ముఖమువంక చూచి, వెంటనే పిల్లల చేయిపట్టుకొని మాట మార్చెను. నాకు బాధ కలుగకుండవలెనని మాట మార్చినది. అది నాకు మరింత బాధ.

కావుననే ఆ కాపు "చిన్నబిడ్డ పెండ్లికున్నది" అనగానే నాకు నోట మాట రాలేదు. తరువాత పైకథ అంతయు చెప్పి, "అయ్యా, నా మాట నీవు అనవలదు. నేననినది చాలును," అంటిని.

పెద్దలారా! ఇక మీకు నా మనవి. ఇట్టి విషయము మీ యెదుటికి వచ్చినప్పుడు మొదట చేయవలసినది, ఆ స్త్రీని అడుగుట. ఇది చిన్నమాటవలె కానవచ్చును. కాని అరుగుమీద పదిమంది చేరి, కులము, పొలము, పరువు అన్నియు మాటలాడి, లోపలనున్న మనిషిని అడుగుట మరచిపోవుట నేనెన్నోమారులు చూచితిని. చేసికొమ్మని బలవంతము చేయుటయు తప్పే. ఏడాది తిరుగనిండన్నచో తిరుగనీయవలెను. వలదన్నచో, ఆ మాటను గౌరవించి, ఆమెను ఇంటి యజమానురాలివలె చూడవలెను గాని పనిమనిషివలె చూడరాదు.

రెండవది, ఆస్తి సంగతి. "మరల పెండ్లియాడినచో మొదటిభర్త ఆస్తి పోవును" అని భయపెట్టువారు పల్లెలలో నేటికిని కలరు. 1856 నాటి శాసనములో అట్టి నిబంధన యుండిన మాట నిజము. ఆ శాసనము 1983లో రద్దయినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము భర్త ఆస్తిలో భార్యకు ఒకమారు సంక్రమించిన భాగము ఆమె సొంతము. తరువాత మారుమనువు చేసికొన్నంతమాత్రమున అది పోదు. ఆమె బిడ్డలకు తమ తండ్రి ఆస్తిలో గల హక్కును అట్లే నిలిచియుండును. ఈ సంగతులు తెలిసినవారిచేత కాగితముమీద వ్రాయించి ఉంచినచో తరువాత తగవులుండవు. వివాహమును నమోదు చేయించుట 2002 నాటి చట్టము ప్రకారము విధి. అది చేయించుటయు పెద్దల బాధ్యతయే.

మూడవది, బిడ్డల సంగతి. మొదటి సంసారపు బిడ్డ ఎవరియింట పెరుగునో, ఏమని పిలుచునో, తాతయింటికి ఎప్పుడెప్పుడు పోవునో ముందుగానే మాటలాడుకొనవలెను. చనిపోయినవాని తల్లిదండ్రులకు మనుమలను చూచు భాగ్యము తప్పిపోకూడదు. వారి కడుపుకోతను మనము మరువరాదు. కొన్ని యిండ్లలో అత్తమామలే కోడలిని కూతురుగా భావించి, కన్యాదానము చేసి పంపుచున్నారు. అట్టి పీటలమీద కూర్చుండువారికి నా నమస్కారములు.

ఊరేమనును అను ప్రశ్నకు నాకు తోచిన సమాధానము చెప్పెదను. ఊరనగా మీరే. మీరు పెండ్లికి పోయి అక్షతలు వేసినచో ఊరు వేసినట్లే. మీరు ముఖము త్రిప్పుకొన్నచో ఊరు త్రిప్పుకొన్నట్లే. మురుడ్ గ్రామమున గాని, రాజమహేంద్రవరమున గాని వెలివేసినది ఆకాశమునుండి దిగిన దేవత కాదు, అరుగులమీది పెద్దలే. దివిసీమలో అక్షతలు వేసినవారును పెద్దలే.

ఆ కాపు ఆనాడు నాకు ఏమియు చెప్పక లేచిపోయెను. నేనును మరల అడుగలేదు. ఒక మాసము గడచిన తరువాత ఒకనాటి ఉదయము నా యింటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, మంచినీళ్ళు త్రాగి, "అడిగిన సారూ," అనెను.

"ఏమన్నది?"

"ముందుగాల ఏడ్చింది. మస్తుసేపు ఏడ్చింది. తర్వాత కండ్లు తుడ్సుకొని, 'ఆ పిలగాని తల్లి మంచిదేనా నాయినా?' అని అడిగింది."

ఇద్దరమును నవ్వితిమి. మంచిదో కాదో విచారించి వచ్చుటకు మేమిద్దరమును ఆ యూరికి కలిసియే పోయి వచ్చితిమి. మంచిదే. వైశాఖమున గుట్టక్రింద ఆ పెండ్లి జరిగినది. నేను అక్షతలు వేసితిని. అవి వేయునప్పుడు నా మనస్సున ఎవరు మెదలిరో మీకు వేరుగా చెప్ప నక్కరలేదు.